అరకేరియా కింది కొమ్మలు ఎందుకు ఎండిపోతాయి?

క్రిస్మస్ ట్రీ పేరుతో అమ్మే అరకేరియాను కుండీలోంచి తీసి ఆరుబయట నాటితే కింది కొమ్మలు ఎండిపోతున్నాయని, వాటిని కత్తిరిస్తే మళ్లీ వస్తాయా అని అడిగారు. రావు. ఈ చెట్టు ఒకసారి పోగొట్టుకున్న కొమ్మను అదే చోట మళ్లీ వేయదు. అందుకే ఉన్నవాటిని కాపాడుకోవడమే పని.

ముందు నీళ్లు చూడండి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో దించండి. పొడిగా తగిలితే నిండుగా పోయండి, తడిగా ఉంటే ఆ రోజుకు వదిలేయండి. మట్టి పూర్తిగా ఎండినా, వేర్ల దగ్గర నీళ్లు నిలిచినా ముందు దెబ్బ తినేది కింది వరుసే. బంకమట్టి అయితే కాస్త మిట్ట చేసి నాటాలి.

రెండో కారణం ఎండ. నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారిగా మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకులు మాడతాయి. రెండు మూడు వారాలు పొద్దుటి ఎండతో అలవాటు చేయాలి. గడ్డకట్టే చలికి కూడా ఇది తట్టుకోదు. ఉప్పుగాలికి మాత్రం బెదరదు, పుట్టిల్లు పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి కదా!

ఎత్తు పెరిగిపోతోందని తల మాత్రం నరకొద్దు, ఆ అందమైన గోపురం ఆకారం పోతుంది. సొంతగడ్డ మీద ఇది 50 మీటర్లు దాటుతుంది. కాబట్టి కరెంటు తీగల కింద, గోడ పక్కన నాటి ఉంటే మొక్క చిన్నగా ఉన్నప్పుడే మార్చేయండి.