తలకు దెబ్బ తగిలాక వదలని మరుపు: శ్రీకాంత్‌కు పెద్దమ్మ ఉత్తరం

చి. శ్రీకాంత్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్‌లో అంతా చెప్పింది. బండి మీంచి పడి మూడు నెలలు దాటినా మరుపు తగ్గలేదట. బ్యాంకులో కస్టమర్ చెప్పిన అంకె రాసేలోపే పోతోందట. సీటీ స్కాన్ బాగానే ఉంది కదా, ఇదంతా నీ భ్రమేనని ఎవరో అన్నారట. భ్రమ కాదురా. న్యూరోసర్జరీ వార్డులో నర్సుగా ఉన్నన్నాళ్లూ నీలాంటివాళ్లను చూశాను. సీటీలో తెలిసేది ముఖ్యంగా రక్తస్రావం, ఎముక విరగడం. మెదడు అదిరినప్పుడు దాని పనితీరులో వచ్చే తేడా అందులో కనపడదు. చాలామందికి నెలలోపు సర్దుకుంటుంది. కొందరికి నెలల తరబడి పడుతుంది, అయినా వాళ్లలోనూ ఎక్కువమంది మెల్లగా కోలుకుంటారు.

నీ విషయంలో దెబ్బతిన్నది జ్ఞాపకం కన్నా ఏకాగ్రతేమో అనిపిస్తోంది. విన్నది తలకెక్కకపోతే తర్వాత ఎంత వెతికినా దొరకదు. అందుకే మరుపుకు మాత్ర ఏదని డాక్టర్‌ను అడగకు. నిద్ర ఎందుకు పట్టడం లేదు, తలనొప్పి ఎక్కడి నుంచి వస్తోంది, మెడ పట్టేసిందా, తల తిప్పితే కళ్లు తిరుగుతున్నాయా, దిగులుగా ఉందా అని అడుగు. వీటన్నిటికీ వైద్యం ఉంది. ఇవి తగ్గితే మరుపూ చాలావరకు తగ్గుతుంది. పడిన క్షణాలు మాత్రం గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించకు. మెదడు వాటిని అసలు నమోదే చేసుకోలేదు.

మెదడు కోలుకోవడానికని నీకు రాసిన సిటికోలిన్ మందు గురించి మీ అమ్మ అడిగింది. తలకు దెబ్బ తగిలిన 1,213 మందితో అమెరికాలో చేసిన పెద్ద పరీక్షలో దానివల్ల ప్రయోజనం కనపడలేదని 2012లో తేల్చారు. ఇంకా వాడాలా అని డాక్టర్‌నే అడుగు. అంతకన్నా ముఖ్యం, ఇప్పుడు నువ్వు మింగుతున్నవన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్లి చూపించు. నిద్రకని వేసుకునే ఆల్ప్రాజోలం, జలుబుకు వేసుకునే మాత్రలు, తలనొప్పి రాకుండా ఇచ్చే టోపిరమేట్ కూడా తలను మొద్దుబారుస్తాయి. నీ అంతట నువ్వు ఏదీ ఆపొద్దు. ఆల్ప్రాజోలం ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం. నెలలో 15 రోజులు పారాసెటమాల్ లాంటి నొప్పి మాత్రలు వేసుకుంటుంటే, ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. శాకాహారివి కాబట్టి విటమిన్ బి12, దాంతోపాటు థైరాయిడ్ పరీక్ష చేయించమను. మీ అమ్మ సరస్వతి ఆకు పచ్చడి చేస్తే తిను, అన్నంలోకి బాగుంటుంది. నయం చేస్తుందని మాత్రం ఎదురుచూడకు.

గది తలుపులు వేసుకుని పడుకునే రోజులు అయిపోయాయి. ఆ విశ్రాంతి మొదటి ఒకటి రెండు రోజులకే. ఇప్పుడు రోజూ నడవాలి. బయల్దేరేముందు నీ ఇబ్బందికి పదికి ఎన్ని మార్కులో వేసుకో. నడుస్తుండగా అది అప్పటికన్నా రెండు మార్కులకు మించి పెరిగితే ఆపి, మర్నాడు కాస్త తక్కువ నడువు. కళ్లు తిరుగుతుంటే దానికి వేరే వ్యాయామాలున్నాయి, అవి తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరికే వెళ్లు.

బ్యాంకులో కొన్నాళ్లు క్యాష్ కౌంటర్ వద్దని, రద్దీ లేని సీటు ఇమ్మని మేనేజర్‌ను అడుగు. దానికి డాక్టర్ చీటీ ఉంటే మేలు. సిగ్గుపడకు, డబ్బు తేడా వస్తే కట్టాల్సింది నువ్వే. ఎవరైనా అంకె చెప్పగానే పైకి తిరిగి చెప్పి, రాసుకుని, అప్పుడు పని మొదలుపెట్టు. మధ్యలో ఫోన్ ఎత్తకు. నోట్‌బుక్ ఒక్కటే ఉండాలి, ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి పెట్టుకుంటే రెండూ దండగ. కొత్త పేరు నేర్చుకోవాలంటే ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, పది నిమిషాల తర్వాత ఒకసారి, అరగంట తర్వాత ఒకసారి గుర్తు చేసుకో. రాకపోతే ఊహించకుండా నోట్‌బుక్‌లో చూసేయ్, లేదంటే ఆ తప్పే తలలో నాటుకుపోతుంది. ఫోన్‌లో బ్రెయిన్ గేమ్స్ ఆడితే ఆ ఆట బాగా వస్తుంది, అంతే.

ఇంత చేసినా మార్పు లేకపోతే న్యూరోసైకాలజిస్టు చేత పరీక్ష చేయించు. బెంగళూరు నిమ్హాన్స్ ఆస్పత్రిలో చేస్తారు. జ్ఞాపకం, ఏకాగ్రత విడివిడిగా చూసి లోపం ఎక్కడుందో చెబుతారు. మనసు బాగా కుంగితే టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు.

కళ్లు తిరగడం పోయేదాకా బండి తీయకు. మందు పార్టీలు మానెయ్. తలనొప్పి రోజురోజుకీ పెరిగినా, పదేపదే వాంతులైనా, ఫిట్స్ వచ్చినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మత్తుగా పడి ఉన్నా అర్ధరాత్రి అని చూడకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఇది మీ ఆవిడ సుజాతకు కూడా చెప్పు. డాక్టర్ దగ్గరికి ఆమెనూ తీసుకెళ్లు, నువ్వు ఎక్కడెక్కడ మర్చిపోతున్నావో ఆమెకే బాగా తెలుసు. బి12 రిపోర్టు రాగానే ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి.

ఇట్లు,
పెద్దమ్మ