గొట్టానికి పట్టేది పొలుసా, గారా?

సందేహం: ఒక ప్లాంటులో నీటి శుద్ధి విభాగంలో పనిచేస్తున్నాను. కూలింగ్ టవర్ నీటిలో కలిపే పాలిమర్ గురించి ఆపరేటర్లకు తెలుగులో సూచనలు రాస్తూ 'పొలుసు నిరోధకం' అన్నాను. మా పై అధికారి దాన్ని కొట్టేసి 'పొలుసును కరిగించే మందు' అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: రెండింటిలో మీదే నయం. కాని 'పొలుసు' దగ్గర ఇద్దరూ దారి తప్పారు.

చేప ఒంటి మీద ఉండేదానికీ బాయిలర్ గొట్టంలో పేరుకునేదానికీ ఇంగ్లీషులో స్కేల్ అనే ఒకే మాట. నిఘంటువు తెరిచి మొదట కనిపించిన అర్థాన్ని దించేస్తే ఇలాంటి పొలుసులే వస్తాయి. పొలుసు ఒంట్లోంచి పుడుతుంది. గొట్టానికి పట్టేది నీటిలోంచి వచ్చి చేరింది. దానికి తెలుగులో చక్కటి మాట ఉంది: గార.

'పళ్ళకు గార పట్టింది' అంటాం. గోడకు చేసే సున్నపు పూతా గారే. తమిళంలో కారై, కన్నడంలో గారె ఈ గోడపూత అర్థంలోనే ఉన్నాయి. అందుకే గోడ గార ముందుదనీ, పంటి గార దాని పోలికతో వచ్చిందనీ నా నమ్మకం. ఆ పోలిక ఎంత లోతుగా కుదిరిందో చూడండి. తడి సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని కాల్షియం కార్బొనేటుగా మారితే గోడ గార గట్టిపడుతుంది. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు పంటి మీది పాచిలో చేరి బిగిస్తే పంటి గార. మీ గొట్టాల్లో చేరేవీ ఎక్కువగా ఈ కాల్షియం లవణాలే. నీరు వేడెక్కితే అందులోని బైకార్బొనేటు విడిపోయి కాల్షియం కార్బొనేటు తయారవుతుంది. వేడి పెరిగేకొద్దీ అది ఇంకా తక్కువగా కరుగుతుంది. అందుకే హీట్ ఎక్స్‌చేంజర్‌లో (ఒకదాని వేడిని ఇంకోదానికి చేరవేసే పరికరంలో) వేడి ఎక్కువున్న చోటే ముందుగా గార కడుతుంది. రసాయనశాస్త్రం చదవనివాళ్ళు కంటితో చూసి, వేలితో తడిమి మూడింటికీ సరిపోయే మాట ఇచ్చారు!

'తేనె గార'లోని గార 'కారు' ధాతువు నుంచి వచ్చిన వేరే మాట. గార చెట్టు సంగతీ వేరు.

వేలికి జిగురుగా తగిలేది పాచి. గోరుతో గీకినా రానిది గార. అడుగున మెత్తగా దిగేది మడ్డి, ఇనుమును తినేది తుప్పు, ఊడి వచ్చే ముక్క పెచ్చు. ఇన్ని మాటలుండగా అన్నింటినీ కలిపి 'నిక్షేపాలు' అని రాసేస్తున్నారు. నిక్షేపమంటే దాచుకున్న ధనం. వదిలించుకోవలసినదానికి ఆ పేరు పెట్టడం నాకు బొత్తిగా నచ్చదు.

ఇక 'కరిగించే' అన్న దిద్దుబాటు. అక్కడ విషయమే తప్పింది. పట్టిన గారను కరిగించేది యాసిడ్. పాలిమర్‌కు పని అది పట్టకముందే. లీటరు నీటిలో కాల్షియం వందల మిల్లీగ్రాములున్నా పాలీఅక్రిలేటు లాంటి పాలిమర్లు కొన్ని మిల్లీగ్రాములే వేస్తారు. అంత కొద్ది మందు కాల్షియాన్నంతా పట్టి ఉంచలేదు. అప్పుడప్పుడే పుడుతున్న స్ఫటికం ఏ అంచున పెరుగుతుందో అక్కడ అతుక్కుని దాన్ని ఎదగనివ్వదు. ఎదిగినవి ఆకారం చెడి గొట్టం గోడకు గట్టిగా అంటుకోలేవు. పైగా రేణువులకు ఋణావేశం ఇచ్చి ఒకదాన్నొకటి నెట్టుకునేట్టు చేస్తుంది. అవి నీటిలోనే తేలుతూ బ్లోడౌన్‌తో, అంటే టవర్ నుంచి వదిలేసే నీటితో, బయటికి పోతాయి.

ఈ పనులన్నింటికీ 'పట్టనివ్వదు' అన్న ఒక్క క్రియ చాలు. తుప్పు పట్టడం, బూజు పట్టడం ఉన్నట్టే గార పట్టడం. ఆపరేటర్లకు 'గార పట్టనివ్వని మందు' అని రాయండి. డ్రమ్ము మీద పొట్టి పేరు కావాలంటే 'గార నిరోధకం' అనండి. తెలుగు మాటకు సంస్కృతం మాట అతికిన వైరి సమాసమని కొందరు ముఖం చిట్లిస్తారు. నాకు అభ్యంతరం లేదు.

సిలికా పేరుకున్నా గారే అనవచ్చా? కాల్షియం ఊసే లేనిదాన్ని గార అనడానికి నాకు పూర్తిగా మనసొప్పదు. అలాగని తప్పనీ అనలేను. గోడ మీది నుంచి పంటి మీదికి వచ్చిన మాట ఇంకో అడుగు వేస్తే ఆపేదెవరు? మీ ప్లాంటులో గొట్టాలు విప్పి గీకేవాళ్ళు దాన్ని ఏమంటున్నారో విని, ఆ మాటే రాయండి.