ఎండాకాలంలో యోగా చేస్తుంటే కళ్లు తిరుగుతున్నాయి.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 54. వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర ఉంటాం. నాలుగేళ్లుగా బీపీ మాత్ర వేసుకుంటున్నాను. రోజూ పొద్దున ఆరున్నరకు డాబా మీద 12 సూర్యనమస్కారాలు, కపాలభాతి, శీతలి (నాలుక గొట్టంలా చుట్టి నోటితో గాలి పీల్చడం) చేస్తాను. మొన్న మేలో రెండుసార్లు కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. ముసురు పడితే మోకాళ్లు పట్టేస్తాయి. సంక్రాంతి దాటాక పొడి దగ్గు. ఏ కాలమైనా క్రమం తప్పొద్దని మా యోగా గురువు అంటారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: యోగా మానొద్దు. అయితే క్రమం తప్పకపోవడమంటే ఏడాది పొడుగునా అదే టైముకి, అదే డాబా మీద, అవే 12 చేయడం కాదు. ఉన్న బలంలో సగం వరకే వ్యాయామం చేయాలని, అదీ చలికాలంలో, వసంతంలోనే అని, మిగతా కాలాల్లో ఇంకా తగ్గించాలని ఆయుర్వేదం ఏనాడో చెప్పింది. మీ గురువుగారికి ఈ మాట చెప్పి చూడండి, కాదనరు.

మీరు రాసినవాటిలో నన్ను ఆలోచింపజేసింది కళ్లు తిరగడం. ఎండలకు రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. దాంతో బీపీ దానంతటదే కొంత దిగుతుంది. దానిపైన మాత్ర. ఆపైన తల కిందికీ పైకీ వంచే సూర్యనమస్కారాలు. మేలో మన దగ్గర 43, 44 డిగ్రీలు మామూలే. పగలంతా కాగిన స్లాబు తెల్లారేదాకా ఆ వేడి వదులుతూనే ఉంటుంది.

మీ మాత్రల షీటు ఒకసారి చూడండి. పేరు చివర ‘హెచ్’ అనో ‘సీటీ’ అనో ఉంటే, చాలావరకు అందులో మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసి ఉన్నట్టే. అలాగని మాత్ర మీరే ఆపేయకండి. ఐదు నిమిషాలు పడుకుని బీపీ చూసుకోండి, లేచి నిలబడి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూసుకోండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ అంకెలు కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి. ఎండాకాలానికి డోసు మార్చాల్సి రావచ్చు. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఉగాది దాటాక ఐదున్నరకే, ఇంట్లో ఫ్యాను కింద చేయండి. నమస్కారాలు నాలుగు చాలు, ఒక్కోదానికీ మధ్య ఆగండి. మజ్జిగ తాగండి గానీ బీపీ ఉంది కాబట్టి ఉప్పు చిటికెడే. శీతలి చేస్తే నాలుకకు చల్లగానే ఉంటుంది. వడదెబ్బ తగలదనుకుంటే మాత్రం పొరపాటు. కపాలభాతి బీపీ అదుపులో ఉంటేనే, అదీ నెమ్మదిగా.

వానాకాలంలో మోకాళ్లకు ముందు పది నిమిషాలు ఇంట్లోనే నడవండి, తర్వాత ఆసనాలు. వజ్రాసనం పడకపోతే కుర్చీలో కూర్చోండి, పరువేమీ పోదు. చెమటకు రబ్బరు మ్యాట్ జారుతుంది, దానిపైన మన కొత్తవాడ జంపఖానా పరుచుకోండి. ఒట్టి టైల్స్ మీద వేస్తే జంపఖానా కూడా జారుతుంది. చలికాలంలోనూ ముందు నడక, తర్వాతే ఆసనాలు. ఎండ కాస్త పొడిచాక, ఏడు దాటాక మొదలుపెట్టండి. చలికి బీపీ పెరుగుతుంది కాబట్టి ఊపిరి బిగబట్టేవి వద్దు.

ఇక దగ్గు. కొన్ని బీపీ మాత్రలకు పొడి దగ్గు వస్తుంది. ఏడాదంతా ఉంటే మాత్రనే అనుమానించేవాణ్ణి. మీకు సంక్రాంతి తర్వాతే అంటున్నారు, సరిగ్గా యార్డుకు మిర్చి బస్తాలు దిగే రోజులు. మీరుండేది ఎనుమాముల పక్కన. ఆ ఘాటులో డాబా మీద నోరు తెరిచి శీతలి చేస్తే, ముక్కు వడగట్టాల్సిన దుమ్ము నేరుగా గొంతులోకి పోతుంది. మిర్చి సీజన్ అయిపోయేదాకా శీతలి, కపాలభాతి ఆపి, కిటికీలు మూసిన గదిలో ముక్కుతోనే మెల్లగా శ్వాస తీసుకోండి. అయినా దగ్గు రెండు వారాలు దాటితే మిర్చి మీద నెట్టేయకుండా తెమడ పరీక్ష చేయించుకోండి.