‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను టెక్సస్‌లో ఎమ్మెస్ పూర్తిచేసి, ఓపీటీ (చదువు అయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేయడానికి ఇచ్చే అనుమతి) మీద ఉద్యోగ ప్రయత్నాలలో ఉన్నాను. సాంకేతిక ప్రశ్నలకు జవాబులు బాగానే చెప్పగలుగుతున్నాను గాని, ఇంటర్వ్యూ మొదట్లో ‘మీ గురించి చెప్పండి’ అనగానే గొంతు తడారిపోతోంది. కంఠస్థం చేసుకున్నది కూడా తడబడుతూ అప్పజెబుతున్నాను. ఆత్మవిశ్వాసంతో పరిచయం చేసుకోవడం ఎలా?

జవాబు: ఇబ్బందికి మూలం మీ ప్రశ్నలోనే ఉంది. మీరు పాఠం అప్పజెబుతున్నారు. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కోసం ఇచ్చే శిక్షణలో ఒక వరస నేర్పుతారు: పేరు, ఊరు, నాన్నగారి ఉద్యోగం, పదో తరగతి మార్కులు, ఇంటర్ మార్కులు, బీటెక్ శాతం, అభిరుచులు, చివరగా బలాలూ బలహీనతలూ. అనుభవం లేని వందలాది విద్యార్థులను ఒకే రోజు వడపోయవలసిన చోట, అవతలివారు చూసేది మీరు ఇంగ్లీషులో గడగడా మాట్లాడగలరా లేదా అన్నదే కాబట్టి అక్కడ ఆ వరస సరిపోయింది. అమెరికాలో అదే ప్రశ్న అడిగే మేనేజరుకు కావలసింది వేరు. తన టీములో ఉన్న పనికి దగ్గరి పని ఈ అభ్యర్థి ఎక్కడైనా చేశారా, చేసి ఉంటే అందులో స్వయంగా చేసినదెంత, ఇప్పుడు మా దగ్గరికే ఎందుకు వచ్చారు అన్నవి ఆయన తెలుసుకోవాలనుకుంటారు. మీరు చెప్పే ప్రతి వాక్యమూ వీటిలో దేనికో ఒకదానికి జవాబు కావాలి. కానిదాన్ని, అది మీకెంత ఘనమైన విషయమైనా సరే, పక్కన పెట్టండి. ఎంసెట్ ర్యాంకు అటువంటిదే. మన ఇళ్ళల్లో అది పెళ్ళిచూపులదాకా వెంట వస్తుంది గాని, ఇక్కడివారికి ఎంసెట్ అంటే ఏమిటో చెప్పడానికే మీ నిమిషం కాస్తా అయిపోతుంది.

కుటుంబ వివరాలు మానేయడానికి ఇంకొక కారణం కూడా ఉంది. అమెరికాలో రెజ్యూమె మీద ఫొటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, పెళ్ళి వివరం పెట్టే అలవాటు లేదు. 1964 నాటి పౌరహక్కుల చట్టం జాతి, రంగు, మతం, లింగం, జాతీయ మూలం ఆధారంగా ఉద్యోగాల్లో వివక్ష చూపడాన్ని నిషేధించింది. 1967లో వచ్చిన మరో చట్టం 40 ఏళ్లు, ఆపైన వయసున్నవారికి వయసు విషయంలో రక్షణ కల్పించింది. అందుచేత చాలా కంపెనీలు ఇటువంటి సంగతుల జోలికి పోవద్దని ఇంటర్వ్యూ చేసేవారికి ముందే శిక్షణ ఇస్తాయి. అటువంటప్పుడు మీ అంతట మీరే పెళ్ళి, పిల్లలు, వయసు అంటూ మొదలుపెడితే అవతలివారు ఏమనాలో తెలియక ఇబ్బంది పడతారు.

ఇక ఏం చెప్పాలన్నది ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాదులో బీటెక్ చేసి, అక్కడే ఒక కంపెనీలో రెండేళ్ళు పనిచేసి, తరువాత ఇక్కడ ఎమ్మెస్ చేసిన అభ్యర్థి డేటా ఇంజనీరు ఉద్యోగానికి వెళ్ళాడనుకోండి. సాధారణంగా వినిపించే పరిచయం ఇది: నేను కష్టపడి పనిచేస్తాను, కొత్త విషయాలు త్వరగా నేర్చుకుంటాను, పైతాన్, ఎస్‌క్యూఎల్, స్పార్క్, కాఫ్కా, ఎయిర్‌ఫ్లో తెలుసు, టీములో అందరితోనూ కలిసిపోతాను. ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాకపోవచ్చు గాని, అదే ఉద్యోగానికి వచ్చిన మిగతావారు కూడా ఇదే చెప్పి ఉంటారు. ఆ అభ్యర్థే తన పరిచయాన్ని ఈ సారాంశం వచ్చేలా చెప్పుకోవచ్చు:

“నేను డేటా ఇంజనీరును. హైదరాబాదులో ఒక రిటైల్ సంస్థకు పనిచేసే టీములో రెండేళ్ళు ఉన్నాను. అన్ని దుకాణాల అమ్మకాల వివరాలూ రాత్రికి రాత్రి చేరి, ఉదయం 8 గంటలకల్లా రిపోర్టు సిద్ధం కావాలి. రాత్రి నడిచే జాబుకు, అంటే ఆ వివరాలను చేర్చే ప్రోగ్రాముకు, 5 గంటలు పట్టేది, అందువల్ల రిపోర్టు తరచు ఆలస్యమయ్యేది. రోజూ టేబుల్ మొత్తాన్ని చెరిపి మళ్ళీ నింపుతున్నారని గమనించి, మారిన వరసలను మాత్రమే తెచ్చుకునేలా దాన్ని తిరగరాశాను. అది 40 నిమిషాలకు తగ్గింది. ఆ పనితో ఈ రంగం మీద ఆసక్తి పెరిగి ఎమ్మెస్‌కు వచ్చాను, ఇక్కడ స్ట్రీమింగ్ డేటా (వచ్చింది వచ్చినట్టే అందుకునే డేటా) మీద ప్రాజెక్టు చేశాను. మీరు బ్యాచ్ జాబులను (వివరాలను పోగుచేసి ఒక్కసారిగా నడిపేవాటిని) స్ట్రీమింగ్‌లోకి మారుస్తున్నారని ప్రకటనలో చదివాను. నేను చేసిన ఆ రెండు పనులూ మీ దగ్గర ఉపయోగపడతాయనిపించి దరఖాస్తు చేశాను.”

దీన్ని ఇంగ్లీషులో నిదానంగా చెప్పినా నిమిషంన్నర దాటదు. టూళ్ళ జాబితా ఇందులో లేదు, అది రెజ్యూమెలో ఎలాగూ ఉంటుంది. దీనివల్ల మేనేజరుకు మిమ్మల్ని అడగడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. మారిన వరసలను ఎలా పట్టుకున్నారు, మూలంలో తొలగించిన వరసల మాటేమిటి, ఆలస్యంగా వచ్చే వివరాలను ఏం చేశారు అని అడుగుతారు. అంటే తరువాతి పది నిమిషాల సంభాషణను మీకు కొట్టినపిండి అయిన చోటికి మీరే మళ్ళించుకున్నారన్నమాట. మీరు అడుగుతున్న ఆత్మవిశ్వాసం చాలావరకు ఇక్కడే పుడుతుంది. అయితే ఏ అంకె చెప్పినా దాన్ని ఎలా కొలిచారో చెప్పగలిగి ఉండాలి. 5 గంటలు 40 నిమిషాలయ్యాయంటే ఆ లెక్క ఏ లాగ్‌లో చూశారన్నది మరుసటి ప్రశ్న కావచ్చు.

ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చున్నప్పుడు మనవారిలో నేను తరచు గమనించే లోపం, చేసిన పనిని తమదిగా చెప్పుకోలేకపోవడం. ‘నేను చేశాను’ అనడం గొప్పలు పోవడమని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నాం కాబట్టి, ‘మా టీము చేసింది’, ‘మేము అమలు చేశాం’ అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడి, చివరికి ఏ పనిలోనూ తమ పాలు ఎంతో తేలకుండా చేసుకుంటారు. అది వినే అమెరికా మేనేజరుకు వినయంలా తోచదు, పక్కనుండి చూసినవారేమో అన్న అనుమానం వస్తుంది. పది మంది కలిసి చేసిన పనిలో మీరు చేసిన భాగాన్ని గిరిగీసి చెప్పడం నిజాయితీయే తప్ప అహంకారం కాదు. ‘డిజైను మా లీడ్ చేశారు, లోడింగ్ భాగం మొత్తం నేను రాశాను’ అంటే మీ మాటకు విలువ పెరుగుతుంది.

పేరు విషయంలో తొందరపడకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు విడివిడిగా పడక అంతా ఒకే గడిలో చేరినవారికి, అమెరికా వీసా మీద మొదటి పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని అచ్చవుతుంది. ఆ మూడక్షరాలు దరఖాస్తులోకి కూడా ఎక్కి, రిక్రూటరు మిమ్మల్ని ఆ పేరుతోనే పలకరిస్తే నొచ్చుకోకుండా, ఏమని పిలవాలో ఒక్కసారి నిదానంగా పలికి చెప్పండి. వేంకట సత్య సూర్యనారాయణ గారు సూర్య అని చెప్పుకుంటే చాలు, మైక్ అనో సామ్ అనో తగిలించుకోవలసిన అగత్యం లేదు. వారిని మీరు కూడా మొదటి పేరుతోనే పిలవవచ్చు. వాక్యానికొక ‘సర్’ చేర్చడం ఇక్కడి ఆఫీసుల్లో మర్యాద అనిపించుకోదు, భయపడుతున్నారన్న భావన కలిగిస్తుంది.

మాట తీరు విషయానికి వస్తే, యాస గురించి మనవారు పడే బెంగ చాలావరకు అనవసరం. అసలు చిక్కు వేగం. కంఠస్థం చేసినది మరచిపోతామేమోనన్న భయంతో ఊపిరి పీల్చుకోకుండా పరుగెత్తడం వల్ల మంచి ఇంగ్లీషు కూడా అవతలివారికి అందదు. అందుకే పరిచయాన్ని మాటకు మాట రాసుకుని బట్టీ పట్టకండి. మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రం స్థిరంగా పెట్టుకుని, మధ్యలో చెప్పవలసిన విషయాల వరస గుర్తుంచుకుంటే చాలు. ఫోనులో రికార్డు చేసి వినండి. మీ విశ్వవిద్యాలయంలోని కెరీర్ సెంటరులో మాక్ ఇంటర్వ్యూలు ఏర్పాటు చేస్తారేమో కనుక్కోండి, మనవారిలో వాటిని వాడుకునేవారు తక్కువ. రూమ్మేటుతో సాధన చేస్తే తప్పు లేదు గాని, మన ఉచ్చారణకు అలవాటుపడిన తెలుగు చెవికి అన్నీ అర్థమవుతాయి కాబట్టి, ఒక్కసారైనా తెలుగేతరుల ముందు చెప్పి చూడండి. వీడియో ఇంటర్వ్యూలో కెమెరాను కంటి ఎత్తులో పెట్టుకోండి. పక్క తెర మీద రాసిపెట్టుకున్నది చదివితే కళ్ళు ఎడమ నుంచి కుడికి నడవడం అవతలివారికి స్పష్టంగా కనిపిస్తుంది. ఏఐ అందించే జవాబులను చూసి చెప్పేవారిలో, ప్రతి ప్రశ్నకూ ముందు ఒకే రకమైన విరామం కూడా అంతే స్పష్టంగా తెలుస్తుంది. చివరి వాక్యం అయ్యాక ఆగండి. అవతలివారు నోట్సు రాసుకుంటూ క్షణం మాట్లాడకపోతే, ఆ ఖాళీ పూరించడానికి అభిరుచుల జాబితా ఎత్తుకోకండి.

వీసా సంగతి పరిచయంలో తేవద్దు. ఓపీటీ 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) చదువు అయితే మరో 24 నెలలు ఉంటుందని, మొదటి 12 నెలల్లో ఉద్యోగం లేని రోజులు మొత్తం మీద 90 దాటకూడదని మీకు తెలుసు. ఆ రోజుల లెక్క మనసులో నడుస్తూ ఉండటం వల్లనే చాలామంది గొంతులో ‘ఎలాగైనా ఈ ఉద్యోగం ఇప్పించండి’ అన్న దీనత్వం వినిపిస్తుంది. పని చేయడానికి అనుమతి ఉందా, ఇప్పుడు గాని తరువాత గాని స్పాన్సర్‌షిప్ (మీ వీసాకు కంపెనీ దరఖాస్తు చేయడం) అవసరమవుతుందా అన్న ప్రశ్నలు కంపెనీలు అడగడం మామూలే. అడిగినప్పుడు దాపరికం లేకుండా రెండు వాక్యాల్లో చెప్పండి. స్టెమ్ పొడిగింపుకు కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థలో) నమోదై ఉండటం తప్పనిసరి కాబట్టి, రిక్రూటరుతో మాట్లాడేటప్పుడే మీరు కూడా ఆ సంగతి అడిగి తెలుసుకోవచ్చు.

కొన్ని కన్సల్టెన్సీలు తాజాగా చదువు ముగించినవారి రెజ్యూమెలో ఆరేడేళ్ళ లేని అనుభవాన్ని ఎక్కించి, దానికి తగిన పరిచయాన్ని కూడా రాసిచ్చి వల్లెవేయిస్తున్నాయి. మీకు అటువంటి సలహా వస్తే గట్టిగా కాదనండి. చేయని పని గురించి మొదటి అనుబంధ ప్రశ్నకే నోరు మూతపడుతుందన్నది అటుంచండి, కంపెనీలు చేయించే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అది బయటపడవచ్చు. అదే అబద్ధం రేపు వీసా దరఖాస్తులోకి ఎక్కితే సంగతి మరీ ముదురుతుంది. ఇమిగ్రేషన్ ప్రయోజనం కోసం తెలిసి తెలిసి తప్పుడు సమాచారం ఇచ్చినవారిని ఈ దేశంలో ప్రవేశానికి అనర్హులుగా ప్రకటించే నిబంధన ఉంది, దానికి కాలపరిమితి లేదు.

మీ ప్రశ్న చదివే హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) సోదరీమణులకు కూడా ఒక మాట. 2015 నుంచి, హెచ్-1బీ మీద ఉన్న భర్తకు ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం సాధారణంగా కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం వచ్చి ఉంటే సాధారణంగా భార్యకు పని అనుమతి లభిస్తోంది. ఏళ్ళ తరబడి విరామం తరువాత ఉద్యోగానికి వెళ్ళేవారు పరిచయాన్ని ఆ విరామంతో, అందులోనూ క్షమాపణలాగా, మొదలుపెడుతుంటారు. మీరు చేసిన వృత్తితో మొదలుపెట్టండి. విరామానికి ఒక్క వాక్యం చాలు, అది కూడా ఈ మధ్య చేసిన కోర్సు, సర్టిఫికేషన్ లేదా సేవాసంస్థలో చేసిన పని వంటి వాటి పక్కన ఉండాలి.

చివరిగా, ఒకే ఉద్యోగానికి మీరు ఈ పరిచయాన్ని పలుమార్లు చెప్పుకోవలసి వస్తుంది. మొదట ఫోనులో మాట్లాడే రిక్రూటరుకు చాలావరకు సాంకేతిక లోతులు అక్కరలేదు. ప్రకటనలో అడిగిన అర్హతలు మీలో ఉన్నాయో లేదో గుర్తుపట్టడం ఆమె పని కాబట్టి, ప్రకటనలోని మాటలు మీ నోట వినిపించాలి. మేనేజరుతో సమస్య, ఫలితం గురించి ఎక్కువ చెప్పండి. రేపు మీ పక్కన కూర్చుని పనిచేయబోయే ఇంజనీరుతో అయితే, రాత్రి జాబు మధ్యలో ఆగిపోయినప్పుడు దాన్ని ఎక్కడినుంచి తిరిగి నడిపించారో కూడా ఒక వాక్యంలో చేర్చండి. ఎదురుగా ఉన్నది ఎవరో ముందే తెలియాలంటే, ఇంటర్వ్యూ ఖరారైనప్పుడే పాల్గొనేవారి పేర్లూ హోదాలూ పంపమని రిక్రూటరును అడగండి, చాలావరకు కాదనరు.