నక్షత్రాల ప్రాసెసింగ్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

టెలిస్కోపుతో తీసిన ఆకాశపు ఫొటోల్లో నక్షత్రాల్ని కంప్యూటర్లో ఎలా సరిదిద్దాలో చెబుతూ నువ్వు రాసిన వ్యాసం అందింది, పూర్తిగా చదివాను. రోసెట్ నెబ్యులా (వెలిగే వాయు మేఘం) ఫొటో బాగుంది. రాతకే ఇంకా పని ఉంది. ఫలానా స్లైడర్ 0.35 దగ్గర పెట్టండి, ఫలానా బటన్ రెండుసార్లు నొక్కండి, తర్వాత మాస్క్ వేయండి అంటూ వెళ్లిపోయావు. ఆ అంకెలు నీ టెలిస్కోపుకి, నీ కెమెరాకి, ఆ రాత్రి గాలికి సరిపోయినవి. కరీంనగర్‌లో మేడ మీద చిన్న రిఫ్రాక్టర్ (కటకాల టెలిస్కోపు) పెట్టుకున్నవాళ్లకీ, టెక్సాస్‌లో పెరట్లో పెద్ద న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోపు) పెట్టుకున్నవాళ్లకీ అవి పనికిరావు. పైగా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిందంటే ఆ స్లైడరే ఉండకపోవచ్చు. ఒక్కో దశలో నక్షత్రపు వెలుగుకి ఏమవుతోందో చెప్పు. అది అర్థమైతే అంకె ఎవరికి వాళ్లే వెతుక్కుంటారు.

సైజుతో మొదలుపెట్టు. ‘పెద్ద నక్షత్రాలు’, ‘చిన్న నక్షత్రాలు’ అని చాలాచోట్ల రాశావు. మన ఫొటోల్లో ఏ నక్షత్రమూ దాని అసలు సైజులో పడదు. ఆరుద్ర నక్షత్రం ఎంత మహాకాయమైనా భూమి మీంచి చూస్తే దాని వ్యాసం సుమారు 0.05 ఆర్క్ సెకన్లే (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). మన నెత్తి మీది గాలి కదలికలే ప్రతి చుక్కనీ 2, 3 ఆర్క్ సెకన్లకు చెదరగొడతాయి. అంటే స్ట్రెచ్ (మసక వెలుగుని కనిపించేలా పెంచడం) చేయకముందు, కెమెరా నమోదు చేసినట్టే ఉన్న లీనియర్ డేటాలో, మసక నక్షత్రానికీ మెరిసే నక్షత్రానికీ వెడల్పు దాదాపు ఒకటే. తేడా ఎత్తులోనే. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ మధ్యలోని గుట్ట అడుగుభాగం బయటపడి వెడల్పుగా కనిపిస్తుంది చూడు, స్ట్రెచ్ చేసేది అదే. నెబ్యులా కోసం మసక వెలుగుని పైకి లాగుతాం. దాంతోపాటే నక్షత్రం చుట్టూ పరుచుకున్న మసక వెలుగూ పైకి వస్తుంది. నెబ్యులాకి గట్టి స్ట్రెచ్ కావాలి, నక్షత్రానికి అక్కర్లేదు. రెండింటినీ వేర్వేరు ఫొటోలుగా విడదీయడానికి అసలు కారణం ఇదీ. నువ్వు మాత్రం ‘ఇప్పుడు అందరూ విడదీస్తున్నారు కాబట్టి’ అన్నావు. ఆ వాక్యం తీసెయ్.

రంగు దగ్గర ఇంకాస్త ఆగాలి నువ్వు. రెండు ముక్కల్లో తేల్చేశావు కానీ, కొత్తవాళ్ల ఫొటోల్లో నక్షత్రాలు తెల్లటి సున్నపు చుక్కల్లా ఎందుకుంటాయో అడిగితే చాలామంది చెప్పలేరు. ఒక లెక్క వేసి చూపించు. ఓ నారింజ రంగు నక్షత్రానికి లీనియర్ డేటాలో ఎరుపు 0.8, నీలం 0.4 ఉన్నాయనుకో (0 అంటే నలుపు, 1 అంటే పూర్తి వెలుగు). ఎరుపు రెట్టింపు ఉందన్నమాట. మిడ్‌టోన్స్ (సగం వెలుగుగా మారే స్థాయి) 0.01 పెట్టి మామూలు హిస్టోగ్రామ్ స్ట్రెచ్ చేస్తే ఎరుపు 0.997 అవుతుంది, నీలం 0.985 అవుతుంది. ఇంకేం రంగు మిగిలింది? ఆ తర్వాత శాచురేషన్ ఎంత పెంచినా లేని తేడా పుట్టదు. అందుకే ఆర్క్‌సైన్ హైపర్‌బోలిక్ స్ట్రెచ్ వాడతారు. అది మూడు రంగులనీ ఒకే గుణకంతో పెంచుతుంది, నిష్పత్తి చెడదు. స్లోన్ స్కై సర్వే అనే ఆకాశ పరిశీలన పథకం రంగుల ఫొటోల కోసం రాబర్ట్ లప్టన్ బృందం 2004లో ప్రచురించిన పద్ధతి ఇదే. సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరుకుతుంది.

అయితే ఏ స్ట్రెచ్ అయినా, ఎక్స్‌పోజర్‌లోనే మాడిపోయిన నక్షత్రాన్ని కాపాడలేదు. 14 బిట్ కెమెరా వెలుగుని 16,383 దాకానే లెక్కపెడుతుంది, అది దాటితే లెక్కే లేదు. మూడు రంగులూ అక్కడ తల బాదుకుని ఆగిపోతే మధ్యభాగం తెల్లగానే ఉంటుంది. దానికి మందు రాత్రి ఫీల్డులోనే ఉంది. అదే వస్తువుకి కొన్ని చిన్న ఎక్స్‌పోజర్లు కూడా తీసి పెట్టుకోమని చెప్పు. ఇది వ్యాసం చివర చిట్కాగా కాదు, రంగు గురించి మాట్లాడుతున్న చోటే రావాలి.

ఇక ఫొటోలోంచి నక్షత్రాల్ని తీసేసే స్టార్‌నెట్, స్టార్ ఎక్స్‌టర్మినేటర్ లాంటి టూల్స్. ‘ఒక్క క్లిక్‌తో నక్షత్రాలు మాయం’ అని సంబరపడ్డావు. ఆ సంబరం సహజమే కానీ, మాయమైనవాటి వెనక ఏం మిగిలిందో ఆ టూల్‌కి తెలియదు. అది నేర్చుకున్నదాన్ని బట్టి అక్కడ ఏముండొచ్చో ఊహించి నింపుతుంది. పెద్ద నక్షత్రం ఉన్నచోట కనిపించే నెబ్యులా పోగు నిజంగా నీ కెమెరా చూసిందా, టూల్ అల్లిందా? ఆ అనుమానం పాఠకుడికి కలిగించడం నీ బాధ్యత. విడదీశాక నక్షత్రాలు మాత్రమే ఉన్న స్టార్స్ ఫొటోని విడిగా తెరిచి చూడమను. ఎం33 గెలాక్సీని తీస్తే దాని చేతుల్లోని చిన్న చిన్న గులాబీ నెబ్యులా ముద్దల్లో కొన్ని స్టార్స్ ఫొటోలోకి జారుకునే ప్రమాదం ఉంది. దూరపు బుల్లి గెలాక్సీలూ అంతే. ఎం13 లాంటి గోళాకార నక్షత్ర గుచ్ఛానికైతే ఈ పనే అనవసరం. నక్షత్రాలు తీసేస్తే అక్కడ ఇంకేముంటుంది?

విడదీయడానికి ముందే రంగుల క్యాలిబ్రేషన్ (ఫొటో రంగుల్ని అసలు రంగులకి సరిచేయడం) అయిపోవాలన్నది నీ వ్యాసంలో ఎక్కడా లేదు. గయా అనే నక్షత్రాల కేటలాగ్‌లో ఒక్కో నక్షత్రానికి నమోదైన రంగుతో నీ ఫొటోలోని నక్షత్రాన్ని పోల్చి ఆ ప్రక్రియ నడుస్తుంది. నక్షత్రాలు తీసేశాక పోల్చడానికి ఏమీ ఉండదు.

తిరిగి కలిపే దగ్గర కూడా ఒక పొరపాటు వాక్యం ఉంది. అసలు ఫొటోలోంచి స్టార్‌లెస్ (నక్షత్రాలు తీసేసిన) ఫొటోని తీసివేతతో విడదీస్తే కూడికతోనే కలపాలి. నువ్వు తీసివేతతో విడదీయమని, స్క్రీన్ మోడ్‌లో కలపమని రాశావు. స్క్రీన్ అంటే రెంటి మొత్తంలోంచి రెంటి లబ్ధం పోతుంది. వెలుగున్న నెబ్యులా మీద పడే నక్షత్రాలన్నీ కాస్త నీరసంగా వస్తాయి. స్క్రీన్ వాడాలంటే విడదీసేటప్పుడే దానికి తిరగేసిన లెక్క అయిన అన్‌స్క్రీన్ పద్ధతి పెట్టుకోవాలి.

నక్షత్రాలను తగ్గించే విషయంలో నాకూ నీకూ అభిప్రాయభేదం ఉంది. ‘ఎంత తగ్గిస్తే అంత అందం’ అన్నావు. రోసెట్ నడుమ ఉన్న ఎన్‌జీసీ 2244 గుచ్ఛంలోని వేడి నక్షత్రాల అతినీలలోహిత కాంతి వల్లే ఆ నెబ్యులా మొత్తం వెలుగుతోంది. నీ ఫొటోలో అవి చుట్టుపక్కల దారినపోయే చుక్కల్లో కలిసిపోయాయి. దీపం ఆర్పేసి వెలుగు చూపించినట్టయింది. కృత్తికల ఫొటోల్లోనూ ఇదే చేస్తున్నారు. ఆ నీలి ధూళికి సొంత వెలుగు లేదు, పక్కనున్న నక్షత్రాల కాంతినే అది వెదజల్లుతుంది.

తగ్గించాలనుకుంటే ఎరోజన్ అనే ఫిల్టర్‌తో అంచులు కొరకడం కన్నా, విడిగా పెట్టుకున్న స్టార్స్ ఫొటోని తక్కువగా స్ట్రెచ్ చేయడం మేలు. చుక్క గుండ్రంగా ఉంటుంది, ఏది ప్రకాశవంతమో ఏది మసకో ఆ వరసా చెడదు. ఆ వరసకి విలువుంది. గత శతాబ్దం మొదట్లో హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ అంతర్జాతీయ ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ అనే నక్షత్రాల జాబితా పథకంలో -17 నుంచి -23 డిగ్రీల ఆకాశపు పట్టీని తీసుకుని, గాజు పలకల మీద ఫొటోలు తీసి లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచింది. ఆ పథకంలో పలక మీద చుక్క ఎంత వెడల్పుందో చూసే ప్రకాశం అంచనా కట్టేవాళ్లు. ఈ సంగతి నీ వ్యాసంలో పెట్టుకో, మనవాళ్లకి ఆసక్తిగా ఉంటుంది.

హబుల్ పాలెట్‌లో (సల్ఫర్, హైడ్రోజన్, ఆక్సిజన్ కాంతుల్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా చూపే పద్ధతి) వచ్చే మెజెంటా నక్షత్రాలకి రెండు వాక్యాలు చాలు. నెబ్యులాలో హైడ్రోజన్ బలంగా ఉంటుంది కాబట్టి సల్ఫర్, ఆక్సిజన్ ఛానళ్లను ఎక్కువగా లాగుతాం, అవే ఎరుపు, నీలం అయి నక్షత్రాల్లో కలుస్తాయి. ఫొటోని ఇన్వర్ట్ చేసి (రంగులు తిరగేసి) ఆకుపచ్చ తీసేసి మళ్లీ ఇన్వర్ట్ చేస్తే సర్దుకుంటుంది. నా ఓటు మాత్రం మామూలు ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) కాసేపు విడిగా నక్షత్రాల ఫొటోలు తీసుకోవడానికే.

చెదిరిన చుక్కల్ని లెక్కతో మళ్లీ పదునుపెట్టే డీకాన్వల్యూషన్ గురించి రాసినప్పుడు అది కొత్త మాయ అన్నట్టు రాశావు. రిచర్డ్‌సన్ 1972లో, లూసీ 1974లో చెప్పిన పద్ధతి అది. 1990లో హబుల్ టెలిస్కోపు అద్దంలో లోపం బయటపడ్డాక, 1993 డిసెంబరులో మరమ్మతు అయ్యేదాకా ఇలాంటి లెక్కలతోనే ఫొటోలు సరిచేసుకున్నారు. మోతాదు మించితే నక్షత్రం చుట్టూ నల్లటి ఉంగరం వస్తుంది. ఆ ఉంగరం ఫొటో ఒకటి తప్పకుండా పెట్టు.

మూలల్లో సాగిన నక్షత్రాలని ప్రాసెసింగ్ ఖాతాలో వేయకు. మూలల దాకా ఫోకస్ సరిచేసే ఫ్లాట్‌నర్ కటకానికీ సెన్సార్‌కీ మధ్య దూరం, చాలావాటికి 55 మి.మీ., తప్పినా, కెమెరా కాస్త వాలినా వచ్చే తిప్పలవి. రిఫ్రాక్టర్‌తో తీసి సాఫ్ట్‌వేర్‌లో స్పైక్స్ (నక్షత్రం నుంచి చీలే వెలుగు గీతలు) అతికించే పేరా మొత్తం తీసెయ్. స్పైక్స్ న్యూటోనియన్‌లో చిన్న అద్దాన్ని పట్టుకున్న రేకుల వల్ల వస్తాయి. నీ దగ్గర ఆ రేకులే లేవు.

ఆఖరుగా, వ్యాసమంతా ఈ ఒక్క రోసెట్ ఫొటో మీదే నడిపించు. ఇప్పుడు ఏడు వస్తువుల మధ్య తిప్పుతున్నావు, టెన్షన్ తప్ప ఏమీ మిగలడం లేదు. గుచ్ఛం ఉన్న మధ్యభాగాన్ని 100 శాతం సైజులో కత్తిరించి, లీనియర్‌లో, స్ట్రెచ్ అయ్యాక, విడదీసి కలిపాక ఎలా ఉందో పక్కపక్కనే పెట్టు. ఫొటో కింద ఏ టూల్ వాడావో రాయి. స్టాకింగ్ అయిన (ఎక్స్‌పోజర్లన్నీ ఒకటిగా కలిపిన) ఫైలు నాకూ పంపు, నేనూ ఓసారి చేసి చూస్తాను. రెండో ప్రతి శివరాత్రి లోపు వస్తే తీరిగ్గా చదవగలను.

ఉంటాను,
అన్నయ్య