కోడెతో కవలగా పుట్టిన పెయ్య చూడి కడుతుందా?

సందేహం: మా జెర్సీ సంకర ఆవు 20 రోజుల క్రితం ఒక కోడెదూడను, ఒక పెయ్యదూడను ఈనింది. ఇలా పుట్టిన పెయ్య గొడ్డుపోతుందని ఊళ్లో అంటున్నారు. డీఎన్ఏ పరీక్షతో ఇప్పుడే తెలుసుకోవచ్చా? మేకలకు, కోళ్లకు కూడా అదే పరీక్ష పనికొస్తుందా?
– ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా

సలహా: మీ ఊరివారి మాట చాలావరకు నిజమే. ఆవులలో కోడెతో కవలగా పుట్టిన పెయ్యలలో 90 శాతానికి పైగా చూడి కట్టవు. గర్భంలో ఉండగానే రెండు పిండాల మాయలలోని రక్తనాళాలు కలిసిపోవడం వల్ల, కోడె వృషణాల నుంచి వెలువడే హార్మోన్లు పెయ్యకు చేరి, దాని గర్భాశయాన్నీ అండాశయాలనూ సరిగా ఎదగనీయవు. ఇటువంటి పెయ్యను ఫ్రీమార్టిన్ అంటారు. ఆ దారిలోనే కోడె రక్త మూలకణాలు కూడా వచ్చి పెయ్య ఎముకల మూలుగలో స్థిరపడతాయి కనుక, మగ పశువులకే ఉండే, ఆడదూడ రక్తంలో ఉండకూడని వై క్రోమోజోమ్ డీఎన్ఏ అందులో కనిపిస్తుంది. డీఎన్ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసి గుర్తించే పీసీఆర్ పరీక్ష పట్టుకునేది దీనినే.

సూది ఎందుకని తోక వెంట్రుకలు పంపుతామంటారు కొందరు. అది పనికిరాదు, కోడె కణాలు చేరేది ముఖ్యంగా రక్తంలోకే. పశువైద్యుని చేత మెడ సిర నుంచి 2–3 మి.లీ. రక్తాన్ని ఊదారంగు మూత గల ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) గొట్టంలోకి తీయించి, ఐస్ పెట్టెలో పంపండి. కోడెకు వాడిన సూదిని పెయ్యకు వాడనీయకండి. అంటిన చుక్క రక్తమైనా ఫలితాన్ని తారుమారు చేస్తుంది. రక్తం తీసేటప్పుడే యోని లోతు కూడా కొలవమనండి. ఈ వయసులో మామూలు పెయ్యకు 13–15 సెం.మీ. ఉండే లోతు, ఫ్రీమార్టిన్‌కు అందులో సగం కూడా ఉండకపోవచ్చు.

లింగ నిర్ధారణకు వాడే అమెలోజెనిన్ జన్యువు ఆవులలో ఎక్స్ క్రోమోజోమ్ మీద కంటే వై మీద 63 డీఎన్ఏ అక్షరాలు పొట్టిగా ఉంటుంది. గేదె, గొర్రె, మేకలలోనూ ఈ జన్యువు ఆధారంగా ఆడ, మగ తేల్చవచ్చు. అయితే మేకలలో ఒక చిక్కుంది. పుట్టుకతో కొమ్ములు లేని వంశాలలో, వై లేకుండానే పోతు లక్షణాలతో పిల్లలు పుడుతుంటాయి. అక్కడ వై లేదన్న ఫలితాన్ని చూసి ఈనే మేక అనుకుంటే నష్టపోతారు. కోళ్లలో లెక్క తిరగబడుతుంది: పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు జెడ్, డబ్ల్యూ ఒక్కొక్కటి ఉంటాయి కాబట్టి వెతకవలసింది డబ్ల్యూ కోసం, దానికి ఈకమొదలు చాలు.

మీ పెయ్య రక్తంలో వై కనిపిస్తే పాడి కోసం దాని మీద ఖర్చు పెట్టవద్దు. కనిపించకపోతే, యోని లోతూ సరిగా ఉంటే, మిగతా పెయ్యలతో పాటే మేపండి.