పాఠకుల ప్రశ్నలు: ఒకే ఒక్క ప్రతితో నడిచిన సభ

ఇంగ్లండు పార్లమెంటు మీద క్రితం నెల మేం వేసిన చిన్న వ్యాసం చూసి పాఠకులు చాలా ప్రశ్నలు పంపారు. వాటిలో 1660 నుంచి 1700 దాకా సభ రోజువారీ పనికి సంబంధించిన వాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బిల్లుకు మూడు ‘రీడింగులు’ అని పిల్లలకు పాఠం చెబుతుంటాను. అప్పట్లో నిజంగానే చదివేవారా? బిల్లు చట్టం కావాలంటే ఏమేం జరగాలి? (ఒక అధ్యాపకురాలు, వరంగల్)

జవాబు: నిజంగానే చదివేవారు, అదీ సభంతా వినేలా గొంతెత్తి. బిల్లుకు సాధారణంగా ఉండేది ఒక్కటే చేతిరాత ప్రతి. కామన్స్ (ఎన్నికైన ప్రతినిధుల సభ) సభ్యులు 513 మంది. అందరికీ నకళ్లు రాయించడం అయ్యే పని కాదు కనుక, బిల్లులో ఏముందో చెవులతో విని తెలుసుకోవాల్సిందే. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే ఆనాటి పద్ధతులు సగం వాటంతటవే అర్థమవుతాయి.

బిల్లు తేవాలనుకున్న సభ్యుడు ముందు సభ అనుమతి అడగాలి. సభ సరేనంటే ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పి, రాసుకు రమ్మంటుంది. తెచ్చాక క్లర్క్ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివి స్పీకర్ చేతికి ఇస్తాడు. ఇదే మొదటి పఠనం (రీడింగు). బిల్లుకు ఒక సంగ్రహం కాగితం జతచేసి ఉంటుంది. స్పీకర్ టోపీ తీసి లేచి నిలబడి, ఆ సంగ్రహం చూస్తూ విషయం విడమరచి చెబుతాడు. వెనక బెంచీలో కూర్చున్న సభ్యుడికి బిల్లు బోధపడేది చాలావరకు ఈ నాలుగు మాటల వల్లే. అందుకే సంగ్రహాన్ని సరిగా రాయడం బిల్లు రాయడమంత ముఖ్యమైన పని.

రెండో పఠనం తర్వాత కమిటీ. అక్కడ బిల్లును పేరా తర్వాత పేరా చూస్తారు, పీఠికను చివరికి ఉంచుతారు. కమిటీ అసలు ప్రతి మీద కలం పెట్టకూడదు. కొట్టివేతలూ, వరుసల మధ్య ఇరికింపులూ కుదరవు. ఏ పుటలో, ఏ వరుసలో, ఏ మాట తర్వాత ఏం చేర్చాలో, ఏం తీసేయాలో విడి కాగితం మీద రాయాలి. ఉన్నది ఒక్కటే ప్రతి కదా! దాని మీద ఎవరి గీత ఏదో తెలియకుండా పోతే సభ ఏం ఒప్పుకుందో తేల్చే దారే ఉండదు.

పన్ను మొత్తాలు, గడువులు రాయాల్సిన చోట్లు ఖాళీగా వదిలి తెచ్చేవారు. కమిటీలో వాటిని నింపేటప్పుడు ఒకరు ఒక అంకె, ఇంకొకరు మరో అంకె అంటే? 1675 నవంబరులో కామన్స్ దీనికో నియమం పెట్టుకుంది. మొత్తాల్లో చిన్నదాన్ని, గడువుల్లో పెద్దదాన్ని ముందు ఓటుకు పెట్టాలి. జనం మీద భారం వీలైనంత తక్కువ పడాలన్నదే అందులోని ఆలోచన. ఆ సభ చేసుకున్న నియమాల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

కమిటీ సవరణల్ని సభ ఒప్పుకున్నాక బిల్లును తోలుపత్రం మీదికి ఎక్కిస్తారు. మూడో పఠనం దాని నుంచే. అప్పటికి కూడా ఎవరైనా కొత్త నిబంధన చేర్చాలంటే దాన్ని వేరే తోలుముక్క మీద రాసి, దానికీ మూడు పఠనాలు జరిపి, అసలు దానికి కుట్టాలి. బిల్లు నెగ్గితే ‘ప్రభువులకు అందించాలి’ అని క్లర్క్ ఫ్రెంచిలో దాని మీద రాస్తాడు. లార్డ్స్ (ప్రభువుల సభ) సవరణలు కోరితే విడి కాగితంతో సహా బిల్లు తిరిగి వస్తుంది. కామన్స్ కాదంటే ఉభయ సభల ప్రతినిధులు సమావేశమవుతారు. అక్కడ లార్డ్స్ టోపీలు పెట్టుకుని కూర్చుంటారు, కామన్స్ వాళ్లు టోపీలు తీసి నిలబడతారు. మామూలు సమావేశంలో రాసుకొచ్చిన కారణాలు చదివి ఇచ్చి రావడమే. వాదించుకోవాలంటే ‘స్వేచ్ఛా సమావేశం’ కోరాలి.

ఇన్ని మెట్లెక్కిన బిల్లులు కూడా చాలావరకు పడిపోయింది ఒకే చోట. రాజు సమావేశాల్ని ముగించి ప్రొరోగ్ చేస్తే పూర్తికాని బిల్లులన్నీ ఆ క్షణమే చచ్చినట్టు. మళ్లీ మొదటి పఠనం నుంచి మొదలుపెట్టాలి. ఉత్తి వాయిదాకు ఈ ప్రమాదం లేదు. రెండో చార్లెస్ ఈ తేడాను ఆయుధంలా వాడాడు. తన తమ్ముడు జేమ్స్‌ను వారసత్వం నుంచి తప్పించే బిల్లు 1679లో అలాగే పోయింది. అన్నీ దాటితే చివరి మాట రాజుది. ఒప్పుకుంటే ‘లె రువా లె వూ’, అంటే రాజు కోరుతున్నాడని. ‘రాజు ఆలోచిస్తాడు’ అంటే ఇక లేదని అర్థం. మూడేళ్లకోసారి ఎన్నికలు జరగాలన్న బిల్లును మూడో విలియం 1693లో ఇలాగే తోసిపుచ్చి, 1694 డిసెంబరులో ఒప్పుకున్నాడు.

ప్రశ్న: మైకులు, మీటలు లేని రోజుల్లో ఓట్లు ఎలా లెక్కించేవారు? తప్పులు దొర్లేవి కావా? (సివిల్స్‌కు చదువుతున్న విద్యార్థి, అశోక్‌నగర్, హైదరాబాద్)

జవాబు: ముందు ‘ఔను’, ‘కాదు’ కేకలు. ఏది పెద్దదో స్పీకర్ చెబుతాడు. ఎవరైనా ఒప్పుకోకపోతే తలలు లెక్కించాలి. కామన్స్‌లో ఒక పక్షం సభలోనే కూర్చుంటుంది, రెండో పక్షం బయటి లాబీలోకి వెళుతుంది. పక్షానికి ఇద్దరు చొప్పున నలుగురు లెక్కింపుదారులు లోపలివాళ్లను బెంచీల మీదా, బయటివాళ్లను తలుపు దగ్గర లోపలికి వస్తుండగానూ లెక్కిస్తారు.

ఎవరు బయటికి వెళ్లాలన్నది చిన్న విషయం కాదు. సభ కొలువుదీరిన సెయింట్ స్టీఫెన్స్ ప్రార్థనామందిరం 513 మందికి ఏమాత్రం చాలదు. లేచి వెళితే కూర్చున్న చోటు పోయినట్టే. ఎటూ తేల్చుకోనివాడు, బద్ధకించినవాడు లోపలే ఉండిపోతాడు, లోపలి లెక్కలోకే వస్తాడు. కొత్తది తెస్తున్నవాళ్లు బయటికి, ఉన్నదాన్ని కాపాడేవాళ్లు లోపల అన్నది స్థూలంగా సూత్రం. అంటే మార్పు కోరేవాళ్లకు మొదటి నుంచీ కాస్త ఎదురుగాలే.

తప్పుల మాటకొస్తే, 1679 మే 27 నాటి లార్డ్స్ చిట్టా (సభ రోజువారీ పనుల రికార్డు) చూడండి. అక్రమ నిర్బంధం నుంచి కాపాడే హేబియస్ కార్పస్ బిల్లు మీద కామన్స్‌తో మరో సమావేశం జరపాలా వద్దా అన్నది ఆనాటి ప్రశ్న. చిట్టాలో 57కు 55 అని ఉంది. కలిపితే 112. ఆ రోజు హాజరుపట్టీలో ఉన్న పేర్లు 107. లెక్కించినాయన ఒక లావుపాటి ప్రభువును పదిమందిగా చెప్పాడనీ, అవతలి లెక్కింపుదారు పరధ్యానంలో గమనించలేదనీ ఆ కాలపు చరిత్ర రాసిన బిషప్ బర్నెట్ చెప్పాడు. కథ నిజమో కాదో గానీ, అంకెల తేడా మాత్రం చిట్టాలోనే ఉంది. సమావేశం జరిగింది, బిల్లు అదే రోజు చట్టమైంది. ఆ రోజే ప్రొరోగేషన్. సమావేశం వద్దని ఓటు పడి ఉంటే బిల్లు అక్కడే పోయేది.

ప్రశ్న: సభ్యులకు జీతాలుండేవా? రోజూ వచ్చేవారా? (విజయనగరం)

జవాబు: పాత లెక్క ప్రకారం కౌంటీ సభ్యుడికి రోజుకు 4 షిల్లింగులు, పట్టణ సభ్యుడికి 2. ఇవ్వాల్సింది ఖజానా కాదు, ఎన్నుకున్న ఊరు. 1660 తర్వాతి కాలానికి ఆ ఆచారం దాదాపు పోయింది. హల్ పట్టణం మాత్రం తన సభ్యుడు, కవి ఆండ్రూ మార్వెల్‌కు రోజుకు 6 షిల్లింగుల 8 పెన్నీలు ఇచ్చింది. ఆయన సభ సంగతులు వరుసగా ఉత్తరాల్లో రాసి పంపేవాడు.

హాజరు పలచనే. కోరం (సభ నడవడానికి కావాల్సిన కనీస హాజరు) 40. పొద్దున ఎనిమిది తొమ్మిదింటికి ప్రార్థనతో సభ మొదలయ్యేది. జనం పలచగా ఉండే ఆ వేళలోనే ప్రైవేటు బిల్లులు (ఒక వ్యక్తికో, ఊరికో మాత్రమే వర్తించేవి) చదివించుకునేవారు. చీకటి పడితే కొవ్వొత్తులు తెప్పించడానికి కూడా తీర్మానం కావాలి. 1680 నుంచి తీర్మానాల్ని అచ్చువేసి అమ్మారు. ప్రసంగాల్ని అచ్చువేయడం మాత్రం నిషేధం.

ప్రైవేటు బిల్లుకు స్పీకర్‌కు 5 పౌన్లు రుసుము చెల్లించాలి, అది సక్రమమే. 1,000 గినీలు సక్రమం కాదు. లండన్ నగరపాలక సంస్థ నుంచి ఒక బిల్లు కోసం అంత తీసుకున్నాడని 1695 మార్చిలో తేలినప్పుడు, స్పీకర్ సర్ జాన్ ట్రెవర్ తాను దోషి అన్న తీర్మానాన్ని తన నోటితోనే సభ ముందు పెట్టాల్సి వచ్చింది. ఆ నెలలోనే సభ ఆయన్ని బహిష్కరించింది.

ప్రశ్న: మా బందరు అద్దకం బట్టల్ని ఇంగ్లండు పార్లమెంటు నిషేధించిందని విన్నాం. నిజమేనా? (మచిలీపట్నం)

జవాబు: నిజమే, అయితే ఒక్క బందరువే కాదు. పట్టు, ఉన్ని నేతగాళ్లు మగ్గాలు ఆగిపోతున్నాయని అర్జీలు పెట్టారు. రెండు వైపులవాళ్లూ తమ వాదనను ఒక కాగితం మీద అచ్చువేయించి సభ తలుపు దగ్గర సభ్యుల చేతుల్లో పెట్టేవారు. మడిచినా పైకి కనబడేలా వెనకవైపు శీర్షిక అచ్చువేసేవారు. 1697 జనవరిలో నేతగాళ్లు సభ దగ్గర గుమిగూడారు, ఈస్టిండియా కంపెనీ భవనం మీదికీ వెళ్లారు. ఆ ఏటి బిల్లుపై ఉభయ సభలకూ పొత్తు కుదరలేదు, సమావేశాలు ముగియడంతో అది పోయింది.

1700 ఏప్రిల్ 11న చట్టం వచ్చింది. 1701 సెప్టెంబరు 29 నుంచి ఇండియా, పర్షియా, చైనా పట్టుబట్టలూ, అక్కడ రంగులద్దిన, అచ్చువేసిన నూలుబట్టలూ ఇంగ్లండులో ధరించకూడదు. దిగుమతి మాత్రం ఆగలేదు. వచ్చిన సరుకును గోదాముల్లో తాళం వేసి ఉంచి మళ్లీ పరదేశాలకు ఎగుమతి చేయాలి. చట్టంలోని లోపమంతా ఒక్క మాటలో ఉంది. తెల్లబట్టను వదిలేశారు. దాంతో మన తీరం తెల్లగుడ్డ లండన్ చేరి అక్కడే అచ్చుపడింది. నేతగాళ్ల కష్టం తీరలేదు, లండన్ అచ్చువాళ్లు మాత్రం బాగుపడ్డారు. అందుకే 1721లో అచ్చు నూలుబట్టల వాడకం మీదే మరో చట్టం చేయాల్సి వచ్చింది.

ప్రశ్న: బిల్ ఆఫ్ రైట్స్ ఒక పుస్తకంలో 1688, ఇంకో దాంట్లో 1689. ఏది రాయాలి? (గుంటూరు)

జవాబు: రాజు అధికారానికి హద్దులు పెట్టి, పార్లమెంటు, ప్రజల హక్కుల్ని ప్రకటించిన ఈ చట్టాన్ని రాజు ఆమోదించింది 1689 డిసెంబరు 16న. అప్పటి నియమం ప్రకారం ఒక సమావేశంలో చేసిన చట్టాలన్నీ, వేరే తేదీ చెప్పకపోతే, ఆ సమావేశం మొదటి రోజునే చేసినట్టు లెక్క. ఈ చట్టం వచ్చింది ఆ పార్లమెంటు రెండో సమావేశంలోనే అయినా, చట్టాల పట్టికలో రెండు సమావేశాల చట్టాల్నీ ఫిబ్రవరి 13న మొదలైన మొదటి సమావేశం లెక్కలోనే వేశారు. ఆ రోజుల్లో ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, మన ఉగాది వచ్చే రోజుల్లోనే. కాబట్టి వాళ్ల లెక్కలో ఆ ఫిబ్రవరి ఇంకా 1688. చట్టాల పట్టికలో ఆ అంకె అలాగే నిలిచిపోయింది. పరీక్షలో 1689 రాయండి. జనవరి, ఫిబ్రవరి, మార్చి 24 లోపు తేదీలు 1752కు ముందటి ఏ ఇంగ్లండు చిట్టాలో కనబడినా ఏడాదిని ఒకటి కలిపి సరిచూసుకోండి.